ఉప్పు తగ్గించండి అంటారు సరే, ఎంత?

బీపీ ఉందని తేలిన రోజు ఎవరికైనా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి చీటీ మీద రాసేది. ఫలానా టాబ్లెట్, 5 మిల్లీగ్రాములు, రోజూ పొద్దున ఒకటి, నెల తర్వాత వచ్చి చూపించుకోండి అని. రెండోది మనం లేచి తలుపు దాకా వెళ్తుంటే వెనక నుంచి వినపడేది, "ఆఁ, ఉప్పు తగ్గించండి, కాస్త వాకింగ్ చేయండి, టెన్షన్ పెట్టుకోకండి" అని. మొదటిదానికి డోసు ఉంది, టైమ్ ఉంది, పనిచేసిందో లేదో చూసే తేదీ ఉంది. రెండోదానికి ఇవేమీ లేవు. ఎంత ఉప్పు తగ్గించాలి, ఎందులోంచి, ఎన్ని వారాల్లో ఎన్ని పాయింట్లు దిగాలి, దిగకపోతే ఏం చేయాలి, ఎవరూ చెప్పరు, మనమూ అడగం. తల ఊపి వచ్చేస్తాం, ఇంటికొచ్చి అన్నంలో పైన చల్లుకునే ఉప్పు మానేసి చాలా చేశాం అనుకుంటాం.

నాకు బీపీ ఉంది. టాబ్లెట్ వేసుకుంటాను, ఉప్పూ తగ్గించాను, ఈ రెండిట్లో ఏదో ఒక పార్టీలో చేరాలన్నట్టు మాట్లాడేవాళ్ళతో నాకు పెద్ద పేచీ. ఒకవైపు "మందులన్నీ మాఫియా, సహజంగా తగ్గించుకోండి" బ్యాచ్, ఇంకోవైపు "ఈ జాగ్రత్తలు ఎవరు పాటిస్తారులెండి, గోళీ వేసేస్కోండి" బ్యాచ్. చూడ్డానికి ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నట్టుంటారు గానీ ఇద్దరూ చేసే పని ఒకటే, మందు కానివాటిని మంచి నడవడి కింద, నీతిబోధ కింద లెక్కేస్తారు తప్ప వైద్యం కింద లెక్కేయరు. నేననేది ఏంటంటే అవి కూడా వైద్యమే, కొన్ని అయితే ఒక టాబ్లెట్‌తో సమానంగా పనిచేస్తాయి, కాబట్టి టాబ్లెట్‌ని అడిగే ప్రశ్నలన్నీ వాటినీ అడగాలి. డోసు ఎంత, ఎన్నాళ్ళు, ఎంత దిగుతుంది, ఎవరికి పనికిరాదు, మానేస్తే ఏమవుతుంది.

ముందు పాయింట్ల విలువ తెలియాలి (పాయింట్ అంటే ఇక్కడ పాదరసం ఒక మిల్లీమీటరు, కఫ్ కట్టి చూసే లెక్క అదే). 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ఒకటుంది, 61 అధ్యయనాల్లోని దాదాపు 10 లక్షల మంది వివరాలు కలిపి చూశారు. 40 నుంచి 69 ఏళ్ళ మధ్య వాళ్ళలో పై నంబరు 20 పాయింట్లు ఎక్కువున్న కొద్దీ పక్షవాతంతోనూ గుండెజబ్బుతోనూ చనిపోయే అవకాశం రెట్టింపు అవుతూ పోయింది, అదీ 115 దగ్గర్నుంచే మొదలు. 2021లో మందుల ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే పై నంబరు 5 పాయింట్లు తగ్గిస్తే పెద్ద గుండె, పక్షవాతం ఘటనలు దాదాపు 10 శాతం తగ్గాయి. కాబట్టి 5 పాయింట్లు అంటే చిన్న విషయం కాదు. కానీ 5 పాయింట్లు దిగిందో లేదో తెలియాలంటే సరిగ్గా కొలవడం రావాలి, చిక్కంతా అక్కడే.

చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కొలిస్తే పై నంబరు దాదాపు 4 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, పక్కకి వేలాడేసి కొలిస్తే ఆరున్నర ఎక్కువ, 2024లో అమెరికాలో దీని మీదే ఒక ట్రయల్ చేశారు. కఫ్ సైజు ఇంకా ఘోరం. బాగా లావు చెయ్యి ఉండి ఎక్స్‌ట్రా లార్జ్ కఫ్ కట్టాల్సినవాళ్ళకి మామూలు కఫ్ కడితే 19 పాయింట్ల పైన ఎక్కువ వచ్చింది. అంటే లేని బీపీ ఉన్నట్టు కనపడుతుంది. దీనికి తోడు మాట్లాడుతూ కొలవడం, కాలు మీద కాలేసుకోవడం, మెట్లెక్కి వచ్చీ రాగానే చెయ్యి చాపడం, బాత్రూమ్‌కి వెళ్ళాల్సి ఉండి ఆపుకుని కూర్చోవడం, ఇవన్నీ కలిస్తే ఏ వైద్యమూ దించలేనంత ఎక్కిపోతుంది, వాటిని సరిచేస్తే ఏ వైద్యమూ లేకుండానే దిగిపోతుంది కూడా. అందుకే నా దృష్టిలో మందులేని పద్ధతుల్లో మొట్టమొదటిది సరైన సైజు కఫ్ ఉన్న, జబ్బకి కట్టే ఆటోమేటిక్ మెషిన్. ఐదు నిమిషాలు వెనక్కి ఆనుకుని కూర్చోవడం, పాదాలు నేల మీద, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో, నోరు మూసుకుని. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఒక వారం. మొదటి రోజువి తీసేసి మిగతావాటి సగటు చూస్తారు. ఇంట్లో ఆ సగటు 135/85 దాటితే క్లినిక్‌లో 140/90 దాటినట్టే లెక్క. కొత్త గైడ్‌లైన్స్ కొన్ని ఇంకా కింద గీత గీస్తున్నాయి, అమెరికావాళ్ళు 2017 నుంచీ 130/80 నే బీపీ అంటున్నారు, ఆ గొడవలోకి ఇప్పుడు పోను.

ఇంత చాదస్తం ఎందుకంటే, "నేను ఫలానా గింజలు నానబెట్టి తాగాను, 165 ఉన్నది 148కి వచ్చింది" అనే కథలు రోజూ వింటున్నాం కదా, అవి అబద్ధాలని నేననడం లేదు, నిజంగానే వచ్చుంటుంది, కానీ గింజల వల్లే వచ్చిందని ఎలా తెలుసు అని. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ ఒక ఆపరేషన్‌ది. కిడ్నీకి వెళ్ళే రక్తనాళాల చుట్టూ ఉండే నరాల్ని లోపల నుంచి కాల్చేసి బీపీ తగ్గించే పద్ధతి ఒకటుంది, 2010లో వచ్చిన ట్రయల్‌లో పై నంబరు 32 పాయింట్లు పడింది, ప్రపంచమంతా ఆహా అన్నారు. ఆ ట్రయల్‌లో పోల్చి చూసినవాళ్ళకి మాత్రం ఉత్తుత్తి ఆపరేషన్ కూడా చేయలేదు. 2014లో మళ్ళీ చేశారు, ఈసారి 535 మందిని తీసుకుని కొందరికి నిజంగా నరాలు కాల్చారు, మిగతావాళ్ళకి అంతా చేసినట్టే చేసి నరాల జోలికి పోలేదు, ఎవరికి ఏది చేశారో పేషెంట్లకి తెలీదు. ఆరు నెలల తర్వాత నిజం ఆపరేషన్ వాళ్ళకి 14 పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి వాళ్ళకి 12! ఏమీ చేయకుండా దాదాపు 12 పాయింట్లు. బీపీ ఎక్కువున్న రోజు పట్టుకుని ట్రయల్‌లో చేర్చుకుంటారు కాబట్టి అది తర్వాత తనంతట తనే కొంత సర్దుకుంటుంది, పైగా ఎవరో గమనిస్తున్నారంటే మందులు టైమ్‌కి వేసుకుంటారు, నాలుగోసారి కొలిచేటప్పటికి భయం పోతుంది. (ఆ పద్ధతి చచ్చిపోలేదు, మెషిన్లూ ట్రయల్సూ మెరుగుపరిచి 2023లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఆమోదం తెచ్చుకుంది, ప్రభావం మాత్రం 32 కాదు, పది లోపే.) ఆపరేషన్ బల్ల మీద పడుకున్నంత మాత్రానే 12 పడితే, నమ్మకంతో తాగిన కషాయానికి పది పడటంలో వింతేముంది. కాబట్టి పక్కన పోల్చడానికి ఇంకో గ్రూపు లేని ఏ లెక్కనీ నేను లెక్కలోకి తీసుకోను.

అలా పోల్చి చూసినా నిలబడినవి ఏంటి అంటే ముందు ఉప్పు.

మందులు లేని కాలంలో దీన్ని ఎంత దూరం లాగారో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1940ల్లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టర్, జర్మనీ నుంచి వలస వచ్చినాయన, బీపీ పూర్తిగా చెయ్యి దాటిపోయిన పేషెంట్లకి అన్నం, పళ్ళు, పళ్ళరసం, చక్కెర తప్ప ఇంకేం పెట్టేవాడు కాదు. ఉప్పు అసలు లేనట్టే. పచ్చి చప్పిడి తిండి, నెలల తరబడి. చాలామందికి బీపీ పడిపోయింది, ఉబ్బిన గుండె సైజు తగ్గింది, కంటి వెనక పొరలో రక్తస్రావాలు మానడం ఫొటోలు తీసి చూపించాడు. అదే కాలంలో అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కి 1944 మార్చిలో బీపీ 186/108. ఆయనకీ ఉప్పు తగ్గించారు, బరువు తగ్గించారు, సిగరెట్లు తగ్గించమన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు, ఇవాళ మనకి చెప్పేవన్నీ చెప్పారు, ఎందుకంటే బీపీని పట్టి దించే మందు అప్పటికి ఏదీ లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు, ఆ పూట కొలిస్తే 300/190. "మందుల్లేకుండానే మన పెద్దవాళ్ళు బతకలేదా" అనేవాళ్ళకి నేను ఈ కథ చెప్తుంటాను. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ అధికారం ఉన్న మనిషికి కూడా మందులేని వైద్యం ఒక్కటే దిక్కైన రోజులు అవి. కెంప్నర్ తిండి పనిచేసింది నిజమే, దాని మీద నిలబడగలిగినవాళ్ళు కొద్దిమంది అన్నదీ అంతే నిజం.

తర్వాత 1997లో డ్యాష్ ట్రయల్ వచ్చింది. డ్యాష్ డైట్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు, పళ్ళు, కూరగాయలు, వెన్న తీసిన పాలు పెరుగు, ముడిధాన్యాలు, గింజపప్పులు ఎక్కువ, ఎర్రమాంసం, తీపి, కొవ్వు తక్కువ. 459 మంది, ఎనిమిది వారాలు. బీపీ ఉన్నవాళ్ళలో పై నంబరు మామూలు తిండి గ్రూపుతో పోలిస్తే 11.4 పాయింట్లు తగ్గింది, అది కూడా ఉప్పు మార్చకుండా, బరువు మారనివ్వకుండా, రెండు వారాల్లోనే. అంటే ఒక టాబ్లెట్‌కి దీటుగా. 2001లో దీనికి ఉప్పు తగ్గించడం కూడా కలిపారు, ఇంకా దిగింది. ఇంతవరకూ అందరూ రాస్తారు. రాయనిది ఏంటంటే ఆ 459 మందికీ తిండి మొత్తం ట్రయల్ వాళ్ళే వండి పెట్టారు. కొలిచి, వండి, ప్యాక్ చేసి చేతికిచ్చారు, పనిరోజుల్లో ఒక పూట వాళ్ళ కళ్ళముందే కూర్చుని తినాలి. మరి ఇంటికి పంపి మీరే వండుకోండి అంటే ఏమైంది? అదీ చేశారు, 2003లో ప్రీమియర్ అనే ట్రయల్, 810 మంది, తరచూ మీటింగులు, కౌన్సెలింగ్, డైరీలు. ఊరికే ఒకసారి సలహా ఇచ్చి పంపిన గ్రూపుకి 6.6 పాయింట్లు తగ్గింది (చూశారా, ఊరికే కూడా తగ్గుతుంది). బరువు, ఉప్పు, వ్యాయామం మీద గట్టిగా వెంటపడిన గ్రూపుకి 10.5. అదంతా చేస్తూ డ్యాష్ తిండి కూడా తినమన్న గ్రూపుకి 11.1. తేడా 0.6. అదే తిండి, వేరేవాళ్ళు వండిపెడితే 11 పాయింట్లు, మన వంటింట్లోకి వచ్చేసరికి మిగతావాటి మీద అర పాయింటు చిల్లర. తిండిలో లోపం లేదు, మనుషుల్లో బద్ధకమూ లేదు, ఆ డోసు ఇంటిదాకా చేరలేదు అంతే. రోజంతా ఉద్యోగం చేసొచ్చి, ఇంట్లో ముగ్గురికి మూడు రకాలు కావాలంటుంటే, ఎవరు చేర్చుకుంటారు ఆ డోసుని?

ఇదే నాకు అసలు విషయం అనిపిస్తుంది. మందులేని పద్ధతుల్ని "పనిచేస్తుందా" అని మాత్రమే అడిగితే సరిపోదు, "రోజూ మన దగ్గర్నుంచి ఎంత అడుగుతుంది" అని కూడా అడగాలి, తక్కువ అడిగేది గెలుస్తుంది.

ఉప్పు డోసు లెక్క చెప్పేస్తాను, చిన్నదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు అంటుంది, అంటే అన్నీ కలిపి ఒక టీస్పూను. ప్రపంచ సగటు దానికి రెట్టింపు పైనే. ప్యాకెట్ల మీద ఉప్పు అని కాకుండా సోడియం అని రాస్తారు, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది, 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు, రోజు కోటాలో 40 శాతం ఒక్క ప్యాకెట్‌తో అయిపోయింది. 2023లో ఒక ట్రయల్ చేశారు, 50 నుంచి 75 ఏళ్ళ మధ్య 213 మంది, ఒక వారం బాగా ఉప్పు తిండి, ఒక వారం బాగా తక్కువ ఉప్పు తిండి, రెండిటి మధ్య తేడా 8 పాయింట్లు. ఒక్క వారంలో! ఆల్రెడీ మందు వేసుకునేవాళ్ళకి కూడా తగ్గింది. కాబట్టి "ఉప్పు మానేశాను ఏం తేడా లేదు" అనేవాళ్ళు మానింది పైన చల్లుకునేది మాత్రమేనా అని చూసుకోవాలి, బ్రెడ్డు, సాసులు, చీజ్, నూడుల్స్ ప్యాకెట్, బయట తిండి అలాగే ఉంటే డోసు ఎక్కడ తగ్గినట్టు. అందరికీ ఒకేలా దిగదు, పెద్ద వయసువాళ్ళకీ, బీపీ ఎక్కువున్నవాళ్ళకీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకీ ఉప్పు ప్రభావం ఎక్కువ.

ఇప్పుడు తక్కువ అడిగే పద్ధతి. ఉప్పుని తగ్గించడం కాదు, మార్చడం. మామూలు ఉప్పు సోడియం క్లోరైడ్, అందులో నాలుగో వంతు తీసేసి పొటాషియం క్లోరైడ్ కలిపితే రుచి పెద్దగా మారదు. సోడియం ఆ మేరకు తగ్గుతుంది, పైగా పొటాషియం పెరిగితే కిడ్నీలు సోడియాన్ని ఇంకొంచెం ఎక్కువ బయటికి పంపిస్తాయి, అంటే రెండు వైపుల నుంచీ పని. చైనాలో 600 పల్లెల్లో దీన్ని చేసి చూశారు, దాదాపు 21 వేల మంది, అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్ళు లేదా 60 దాటి బీపీ ఉన్నవాళ్ళు, సగం పల్లెలకి ఈ ఉప్పు ఉచితంగా ఇచ్చారు, సగం పల్లెల్ని మామూలు ఉప్పుతో వదిలేశారు. దాదాపు ఐదేళ్ళు. ఎవరికీ డైరీల్లేవు, క్లాసుల్లేవు, మనసు గట్టిగా పెట్టుకోవాల్సిన అవసరం లేదు, రోజూ వండినట్టే వండుకున్నారు, డబ్బాలో ఉప్పు మాత్రం వేరు. 2021లో ఫలితం వచ్చింది, పై నంబరు సగటున 3 పాయింట్ల పైచిలుకే తగ్గింది గానీ పక్షవాతాలు 14 శాతం తగ్గాయి, మరణాలు 12 శాతం తగ్గాయి. డ్యాష్ పదకొండు ముందు ఈ మూడు ఏ పాటి అనిపించవచ్చు, నాకైతే ఈ మూడే గొప్ప, ఎందుకంటే ఐదేళ్ళు నిలబడింది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇంట్లో వాడే ఉప్పుకి బదులు ఇలాంటిది వాడటాన్ని సూచించింది.

కానీ డోసు అన్నాక సైడ్ ఎఫెక్టు కూడా అడగాలి కదా, ఇక్కడ ఉంది, గట్టిదే. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్ళకి పొటాషియం బయటికి పోదు, రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ప్రాణానికే ప్రమాదం. బీపీ మందుల్లోనే కొన్ని, పేరు చివర "ప్రిల్" అనీ "సార్టాన్" అనీ ఉండేవి, ఇంకా స్పైరోనోలాక్టోన్ లాంటివి, పొటాషియాన్ని పెంచుతాయి. ఇవి వాడేవాళ్ళు రక్తపరీక్ష చేయించుకుని, డాక్టర్‌ని అడిగి మాత్రమే ఆ ఉప్పు జోలికి వెళ్ళాలి. గర్భిణులకీ పిల్లలకీ కూడా ఆ సూచన వర్తించదు. "సహజమే కదా, ఏం చేస్తుందిలే" అనే మాట నాకు అందుకే నచ్చదు, బీపీని దించగలిగే శక్తి ఉన్నదానికి కీడు చేసే శక్తి కూడా ఉంటుంది.

వ్యాయామం సంగతికొస్తే వాకింగ్‌కి వచ్చినంత పేరు దేనికీ రాలేదు, తప్పేం లేదు, వారానికి 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేంత వేగంగా నడిస్తే బీపీ ఉన్నవాళ్ళకి నాలుగైదు పాయింట్లు దిగడం మామూలే. నత్తనడక నడుస్తూ ఫోన్ మాట్లాడితే ఆ డోసు అందదు, అది వేరే విషయం. కానీ 2023లో 270 ట్రయల్స్ కలిపి చూసినప్పుడు అన్నిటికంటే పైన నిలిచింది నడక కాదు, పరుగూ కాదు, కదలకుండా చేసేది. గోడకి వీపు ఆనించి కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి నిలబడటం. రెండు నిమిషాలు అలా ఉండాలి, రెండు నిమిషాలు రెస్ట్, ఇలా నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. అంటే మొత్తం పట్టేది పావుగంట. ఆ లెక్కలో సగటున పై నంబరు 8 పాయింట్లు తగ్గింది, నడక లాంటివాటికి నాలుగున్నర. చిన్న చిన్న ట్రయల్స్ ఎక్కువ కాబట్టి ఆ 8ని నేను కొంచెం తగ్గించే చదువుతాను, అయినా సరే. చదవడానికి సుఖంగా ఉంది గానీ చేస్తే రెండో నిమిషంలో తొడలు వణికిపోతాయి, నేను పళ్ళు బిగబట్టి అంకెలు లెక్కపెట్టుకుంటూ ఉంటాను. పళ్ళు బిగించినా ఊపిరి మాత్రం బిగబట్టకూడదు, ఊపిరి ఆపితే ఆ క్షణంలో బీపీ ఆకాశానికి పోతుంది. 180 దగ్గర ఉన్నవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగాలి. ఇంకోటి, ఏ వ్యాయామమైనా మానేస్తే కొన్ని వారాల్లో లాభం కూడా వెళ్ళిపోతుంది, టాబ్లెట్ మానేస్తే పోయినట్టే.

బరువు గురించి ఒకటే లెక్క, కిలో తగ్గితే సుమారు ఒక పాయింటు. మందుతాగేవాళ్ళకి (ఇక్కడ మందు అంటే ఆ మందు) రోజుకి రెండు పెగ్గులు దాటి తాగే అలవాటుంటే సగానికి తగ్గించినా బీపీ దిగుతుంది, ఎక్కువ తాగేవాళ్ళకి ఎక్కువ దిగుతుంది, ఆరు దాటేవాళ్ళకి ఐదు పాయింట్ల పైన.

వీటన్నిటికంటే చవకైనది, ఎవరూ చెప్పనిది ఇంకోటుంది, కొత్తగా ఏదీ చేయకపోవడం, ఉన్నది తీసేయడం. నొప్పికి వాడే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి రోజుల తరబడి వేసుకుంటే బీపీ పెరుగుతుంది, బీపీ మందుల్ని పనిచేయనివ్వవు కూడా. ముక్కు దిబ్బడకి వేసుకునే కొన్ని జలుబు మాత్రలు, కొన్ని గర్భనిరోధక మాత్రలు, స్టెరాయిడ్లు కూడా అంతే. అతిమధురం, గొంతుకి మంచిదని చప్పరించేది, ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో వాడితే పొటాషియం పడిపోయి బీపీ పైకెళ్తుంది, దాన్ని "సహజ" చిట్కాల లిస్టులో చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. తర్వాత గురక. గట్టిగా గురకపెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్ళు, పగలంతా కునుకుపాట్లు పడేవాళ్ళు, వీళ్ళకి స్లీప్ ఆప్నియా ఉండొచ్చు, రాత్రంతా ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటే బీపీ పొద్దున్నే పైన ఉంటుంది, మూడు మందులు వేసినా దిగని బీపీల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. నిద్రలో గాలి పంపే మాస్క్ మెషిన్‌తో సగటున తగ్గేది రెండు మూడు పాయింట్లే, కానీ మొండి బీపీ ఉన్నవాళ్ళకి అంతకంటే బాగా పనిచేస్తుంది. ఇది మనకి మనం కనిపెట్టుకోలేం, పక్కన పడుకునేవాళ్ళని అడగాలి.

ఇక ఊపిరి వ్యాయామాలు, ధ్యానం, బీట్‌రూట్. ఇవి దండగ అని నేననను. బీట్‌రూట్‌లో నైట్రేట్ శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ అయి రక్తనాళాల్ని వదులు చేస్తుంది, 2015లో 64 మంది మీద రోజూ 250 మిల్లీలీటర్ల రసంతో నాలుగు వారాలు చేస్తే క్లినిక్ బీపీ ఏడున్నర పాయింట్లు తగ్గింది, పోల్చడానికి నైట్రేట్ తీసేసిన అదే రసం ఇచ్చారు, చక్కటి ట్రయల్. తాగడం ఆపిన తర్వాత రెండు వారాల్లో పాత నంబరే. జీవితాంతం రోజూ గ్లాసు బీట్‌రూట్ రసం తాగగలిగేవాళ్ళకి నా నమస్కారం. గాలి పీల్చేటప్పుడు అడ్డుపడే చిన్న పరికరంతో రోజుకి 30 సార్లు గట్టిగా పీల్చే పద్ధతి 2021లో ఆరు వారాల్లో 9 పాయింట్లు తగ్గించింది గానీ అందులో ఉన్నది 36 మంది, ఇంకా పెద్దవి రావాలి. ధ్యానం మనసుకి మంచిది, చేయండి, బీపీ కోసం అయితే ఆధారం బలహీనం, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో ఇలాంటి పద్ధతుల్ని వరసగా పరిశీలించినప్పుడు కూడా దాన్ని కింది వరసలోనే పెట్టింది. "టెన్షన్ పడకండి" అనేదానికి అసలు డోసే లేదు, అది చెప్పిన దగ్గర్నుంచే టెన్షన్ మొదలవుతుంది.

ఇంత చెప్పాను కాబట్టి మందులు అక్కర్లేదని అర్థం చేసుకుంటే నా మీద ఒట్టు. 1967లో అమెరికాలో మాజీ సైనికుల కోసం ఉండే వెటరన్స్ హాస్పిటల్స్‌లో చేసిన ట్రయల్ ఉంది, కింది నంబరు 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది మగవాళ్ళు, సగం మందికి మందులు, సగం మందికి మందు లేని ఉత్తి మాత్రలు. ఏడాదిన్నర దాటేసరికి ఉత్తి మాత్రల వైపు 27 మందికి తీవ్రమైన ఘటనలు, మందుల వైపు ఇద్దరికి. 27, 2. వైద్యంలో ఇంత తేడా రోజూ కనపడదు. కాబట్టి 160 దాటినవాళ్ళు, ఇదివరకే పక్షవాతమో గుండెపోటో వచ్చినవాళ్ళు, షుగరో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్ళు "ముందు మూడు నెలలు గోడకి ఆనుకుని చూస్తాను" అనకూడదు, రెండూ ఒకేసారి మొదలుపెట్టాలి. 180/120 దాటి ఛాతీ నొప్పి, మాట తడబడటం, చూపు మసకబారడం, ఆయాసం ఉంటే ఈ వ్యాసం చదవడం ఆపి హాస్పిటల్‌కి వెళ్ళాలి. కొంచెమే ఎక్కువుండి వేరే ప్రమాదాలేమీ లేనివాళ్ళకి మాత్రం మూడు నుంచి ఆరు నెలలు మందు లేకుండా ప్రయత్నించే వెసులుబాటు ఉంది, గైడ్‌లైన్స్ కూడా ఒప్పుకుంటాయి. ఆ గడువు మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి, తేదీతో సహా, అది దాటి కూడా నంబరు దిగకపోతే టాబ్లెట్ వేసుకోవడం ఓటమి కాదు, పని చేయని వైద్యం మార్చడం.

వేసుకుంటున్న మందు మానొచ్చా అని అందరూ అడిగేదే. 1998లో టోన్ అనే ట్రయల్ సరిగ్గా ఇదే చూసింది, 60 నుంచి 80 ఏళ్ళ మధ్య 975 మంది, ఒకే మందు మీద బీపీ అదుపులో ఉన్నవాళ్ళు. ఉప్పు, బరువు తగ్గించే శిక్షణ మూడు నెలలిచ్చి తర్వాత డాక్టర్ల పర్యవేక్షణలో మందు ఆపారు. లావుగా ఉన్నవాళ్ళలో రెండూ చేసిన గ్రూపు ఏమీ చేయని గ్రూపు కంటే చాలా మెరుగ్గా నిలబడింది, అయినా 30 నెలలకి సగం మంది కూడా మిగల్లేదు, మిగతావాళ్ళకి బీపీ తిరిగొచ్చింది, లేదా మందు మళ్ళీ మొదలైంది. కాబట్టి మానడం కుదురుతుంది, కొందరికి, కొలుస్తూ ఉంటే. కొన్ని మందులు, బీటా బ్లాకర్లు, క్లోనిడిన్ లాంటివి, టక్కున ఆపితే బీపీ ఎగిరి పడుతుంది, వాటిని మెట్లు మెట్లుగా దించాలి. దానికంటే మామూలుగా జరిగేది ఇంకోటి, ఉప్పు తగ్గి బరువు తగ్గి నంబరు దిగుతుంది గానీ మందు పాత డోసులోనే ఉంటుంది, లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్ముతాయి. అప్పుడు సొంతంగా గోళీ విరిచేయకుండా కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటి, మూడు నిమిషాలకి ఒక్కోసారి కొలిచి రాసుకుని, వారం సగటుతో పాటు ఆ కాగితం డాక్టర్ ముందు పెట్టి డోసు తగ్గించమని అడగాలి. తగ్గించిన తర్వాత నాలుగు వారాలు మళ్ళీ అదే మెషిన్, అదే చెయ్యి, అదే టైమ్.